అర కిలోమీటరు చరిత్ర: పటాల్లో ఊరూ వెలివాడా

ఊరికీ పల్లెకూ మధ్య దూరం ఎంత అని మా పెద్దోళ్ళను అడిగితే 'కేకేస్తే వినపడేంత' అనేవాళ్ళు. ఊళ్ళోంచి కేకేస్తే పల్లెలోంచి వెట్టి మనిషి పరుగెత్తుకుంటూ రావాలి. అంత దగ్గర. పల్లెలో మనిషి కడవ ఊరి బావిని తాకగూడదు. అంత దూరం. చాకిరీకి దగ్గరగా, అంటుకు దూరంగా ఉండేట్టు ఎంతో ఆలోచించి తీసిన కొలత అది. కోస్తాలో పల్లె, పేట, గూడెం అన్నా, సీమలో వాడ అన్నా, తెలంగాణలో మాదిగ గూడెం, మాలవాడ అన్నా కొలత మాత్రం పెద్దగా మారదు. చాలా ఊళ్ళలో అది రెండు మూడు వందల గజాల నుంచి అర కిలోమీటరు లోపు ఉంటుంది.

ఇప్పుడు ఎవరి ఫోనులోనైనా పటం తెరిచి చూడండి. ముందు రాష్ట్రం కనిపిస్తుంది. వేళ్ళతో సాగదీస్తే జిల్లా కేంద్రాలు వస్తాయి. ఇంకా సాగదీస్తే మండల కేంద్రాలు, ఆ తరువాత ఊళ్ళు. ఊరి పేరు కనపడగానే చూసేవాడు ఆగిపోతాడు, వాడికి కావలసింది దొరికింది గనక. ఆగకుండా ఇంకో నాలుగు మెట్లు దిగితే ఊరి పక్కన పేరులేని చిన్న సందులు, కొన్ని ఇళ్ళ గుర్తులు కనిపిస్తాయి. కొన్నిచోట్ల 'కాలనీ' అన్న మాట కనిపిస్తుంది. చాలాచోట్ల అది కూడా ఉండదు.

'ఇదంతా యంత్రం చేసే పని, ఇందులో కులం ఏముంది' అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే యంత్రం కంటే రెండు వందల ఏళ్ళు వెనక్కి పోవాలి. పటం స్కేలు తగ్గినప్పుడల్లా కొన్ని ఉంటాయి, కొన్ని పోతాయి. ఎన్ని ఉండాలన్నది లెక్క. ఏవి ఉండాలన్నది పెత్తనం. ఈ రెంటినీ కలగలిపి అంతా లెక్కే అని చెప్పడం దగ్గరే మోసం ఉంది. ఈ వ్యాసం చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

గొలుసు నుంచి అట్లాసు దాకా

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్ దగ్గర తన ఆధార రేఖను గొలుసుతో కొలిచాడు. తరువాత దేశమంతా పరుచుకున్న త్రికోణాల వలకు అదే మొదలు. ఆ వల కొండ శిఖరాలను, గుడి గోపురాలను పట్టుకుని పాకింది. ఎత్తుగా ఉండి దూరం నుంచి కనిపించేదే దానికి అవసరం. పూరి గుడిసెల మీద థియొడొలైటు పెట్టి ఎవరూ చూడరు గదా! ఇందులో లాంబ్టన్‌కు దురుద్దేశం ఏమీ అంటగట్టనక్కరలేదు. కానీ పటానికి మొదటి బిందువులైనవి ఎవరి కట్టడాలో గుర్తుంచుకోవాలి.

మన ప్రాంతాలను దగ్గరగా కొలిపించినవాడు కాలిన్ మెకంజీ. నిజాం రాజ్యంలోనూ, దత్తమండలాల్లోనూ సర్వేలు నడిపి, 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన పేరు చెప్పగానే మన చరిత్రకారులు కైఫియత్తులను తలుచుకుని మురిసిపోతారు. మురవడానికి కారణం లేకపోలేదు. కాకపోతే ఆయనకు కుడిభుజంగా నిలిచిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఏలూరు బ్రాహ్మణులు. వాళ్ళకు ఊరి సంగతులు చెప్పింది ఎక్కువగా కరణాలు, పూజారులు, కాగితం పుట్ర చేతిలో ఉన్నవాళ్ళు. ఊరంటే ఏమిటి, దాని పేరేమిటి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్నది వాళ్ళ నోటి నుంచే పటంలోకి ఎక్కింది. పల్లెను అడిగినవాడు లేడు.

ఇందులో విచిత్రం ఏమిటంటే ఊరి పొలిమేర ఎక్కడుందో తెలిసినవాళ్ళలో పల్లె మనుషులే ముందుండేవాళ్ళు. మహారాష్ట్రలో సరిహద్దు తగాదాలొస్తే మహార్ మాట సాక్ష్యంగా చెల్లేది. మనవైపు వెట్టి, మస్కూరి, నీరటి పనులు చేసినవాళ్ళు పొలం గట్లూ, కాలవలూ, సర్వే రాళ్ళూ కళ్ళు మూసుకుని చూపించగలిగినవాళ్ళు. హద్దు తెలిసినవాడికి హద్దులోపల చోటు లేదు.

1858 నుంచి మద్రాసు ప్రభుత్వం పన్ను కోసం చేను చేనునూ కొలిపించింది. ఆ గ్రామ పటాలు మైలుకు 16 అంగుళాల స్కేలువి. అంటే నేల మీద 3,960 అడుగులు కాగితం మీద ఒక్క అడుగు. ఎఫ్.ఎం.బి. పుస్తకంలో గొలుసులూ లింకుల్లో రాసిపెట్టిన ఆ కొలతలనే తాలూకా ఆఫీసులు దశాబ్దాల తరబడి తిరగేశాయి. నిజాం రాజ్యంలో టీపన్, సేత్వారు, నక్ష అన్నవి అటువంటివే. ఇంత పెద్ద స్కేలులో మన అర కిలోమీటరు పన్నెండున్నర సెంటీమీటర్లవుతుంది. అరచేయి కంటే పొడుగు! పల్లె కనిపించకపోవడానికి స్థలం చాలలేదన్న సాకు ఇక్కడ కుదరదు.

అయినా పల్లె లోపలిభాగం ఇక్కడా తెల్లగానే ఉంది. పన్ను వచ్చేది పొలం మీద. ఇళ్ళుండే జాగా గ్రామకంఠం. దాన్ని ఒక సర్వే నంబరు కింద మొత్తంగా చూపించి వదిలేశారు. లోపల ఎవరి ఇల్లు ఎంతో, ఎవరి దొడ్డి ఎంతో కొలవలేదు. ఊరి ఆసామికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఆయన ఆస్తి పొలంలో ఉంది, దానికి కాగితం ఉంది. పల్లె మనిషికి ఉన్నదల్లా తల దాచుకునే ఆ పాతికగజాల జాగా. దానికే కాగితం లేదు. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ 1891లో పరయల స్థితిగతుల మీద రాసిన నివేదికలో వాళ్ళకు సొంత భూమి సంగతి అటుంచి ఇంటి జాగా మీద కూడా హక్కు నిలకడగా లేదని చూపించాడు. దాని దరిమిలా 1892లో మద్రాసు ప్రభుత్వం భూమి కేటాయింపు ఉత్తర్వు ఇచ్చింది. కొలవని జాగా నుంచి మనిషిని వెళ్ళగొట్టడం చాలా సులువు అన్నది ఆ నివేదిక చదివితే తెలుస్తుంది.

ఇక స్కేలు తగ్గించుకుంటూ పోదాం. మైలుకు ఒక అంగుళం టోపోషీటులో అదే అర కిలోమీటరు ఎనిమిది మిల్లీమీటర్లు. ఇళ్ళ గుంపు గుర్తు పడుతుంది, పేరు పట్టడం కొంచెం కష్టం. కొన్ని షీట్లలో 'హరిజనవాడ' అన్న మాట కనిపిస్తుంది. అది వాడ పెట్టుకున్న పేరు కాదు. 1827 నుంచి అచ్చవుతూ వచ్చిన 'అట్లాస్ ఆఫ్ ఇండియా' నాలుగు మైళ్ళకు ఒక అంగుళం. అందులో మన దూరం రెండు మిల్లీమీటర్లు. పది లక్షల స్కేలు పటంలో అర మిల్లీమీటరు, అంటే పెన్సిలు గీత మందం. శతాబ్దాల అంటరానితనం పెన్సిలు గీత కింద దాక్కుంటుంది.

అంబేడ్కర్ 1948లో అచ్చయిన తన 'ది అన్‌టచబుల్స్' గ్రంథంలో వేసిన మూల ప్రశ్నల్లో ఒకటి, అంటరానివాళ్ళు ఊరి బయట ఎందుకున్నారు అన్నది. ఆ ప్రశ్న వేయాలంటే ముందు ఊరి బయట ఒకటుందని కనిపించాలి. దేశపటం ముందు పెట్టుకుని కూర్చున్నవాడికి ఆ ప్రశ్నే పుట్టదు. ఎందుకంటే ఆ పటంలో ఊరు ఒక చుక్క, చుక్కకు లోపలా బయటా ఉండవు.

మెట్లూ చుక్కలూ

2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక వెబ్ పటాలకు ఒక పద్ధతి స్థిరపడింది. ప్రపంచాన్నంతా ఒక చదరపు పలకగా గీస్తారు. అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 256 చుక్కలు. అది సున్నా మెట్టు. ఒక మెట్టు దిగితే ఆ పలక నాలుగు పలకలవుతుంది. ఇంకో మెట్టు దిగితే పదహారు. 12వ మెట్టుకు 1 కోటి 67 లక్షల పలకలు, 16వ మెట్టుకు 429 కోట్లు. మెట్టు దిగినకొద్దీ ఒక్కో చుక్క కింద ఉండే నేల సగమవుతూ వస్తుంది.

పాత పటాలకూ వీటికీ పొంతన కుదురుతుంది. 9వ మెట్టు పది లక్షల స్కేలుకు దగ్గర. 11వ మెట్టు పాత అట్లాసుకు దగ్గర. టోపోషీటు 13, 14 మెట్ల మధ్య పడుతుంది. పదహారంగుళాల గ్రామ పటం 17వ మెట్టుకు సమీపం. అంటే మన తాతల కాలం నుంచీ వేర్వేరు ఆఫీసుల బీరువాల్లో ఉన్న పటాలనే ఇప్పుడొక నిచ్చెనకు కట్టి చేతికిచ్చారు. బీరువా తాళం పోయింది, మంచిదే. నిచ్చెన మీద ఎవరిని ఏ మెట్టున నిలబెట్టారన్నదే ఇప్పుడు ప్రశ్న.

తెలుగు నేల అక్షాంశాల దగ్గర 12వ మెట్టులో ఒక చుక్క దాదాపు 37 మీటర్ల నేల. అర కిలోమీటరు దూరం తెర మీద 14 చుక్కలు. ఒక ఊరి పేరు చదివేలా రాయాలంటే 60, 70 చుక్కల వెడల్పయినా కావాలి. ఊరి పేరు రాసేసరికి వాడ ఉన్న చోటు కూడా ఆ పేరు కిందనే పడిపోతుంది. 14వ మెట్టులో ఆ దూరం 54 చుక్కలు, ఇంకా ఇరుకే. 16వ మెట్టుకు 218 చుక్కలయ్యాక గాని రెండు పేర్లూ పక్కపక్కన హాయిగా పట్టవు. ఆ మెట్టు దాకా దిగేది ఎవరు? ఆ ఊళ్ళో ఇల్లు వెతుక్కునేవాళ్ళు. పథకాలు రాసేవాడు, వార్త రాసేవాడు, జిల్లా మొత్తం చూసి నిర్ణయం తీసుకునేవాడు 10వ మెట్టు దగ్గరే కూర్చుని ఉంటారు. అక్కడ మన అర కిలోమీటరు మూడు చుక్కలు.

రెండు పేర్లు ఒకదానిమీద ఒకటి పడేటప్పుడు ఏది ఉండాలో యంత్రం ఊరికే నిర్ణయించదు. దానికి నియమం రాసిస్తారు. పెద్ద తరగతిది ముందు, ఒకే తరగతిలో జనాభా ఎక్కువున్నది ముందు, ఓడినది మాయం. రెండు ఊళ్ళు మధ్య మూడు నాలుగు కిలోమీటర్లుంటే రెంటికీ చోటు దొరుకుతుంది. చిన్న ఊరైనా ఒంటరిగా ఉంటే తన పేరు తనకు ఉంటుంది. వాడకు ఆ అదృష్టం లేదు. దాన్ని పెద్ద ఊరికి కేక దూరంలో కట్టించారు. కనక ప్రతి మెట్టు మీదా అది తనకంటే పెద్ద పేరుతోనే పోటీ పడాలి, పోటీ పడినప్పుడల్లా ఓడిపోవాలి. చాకిరీ కోసం పెట్టిన దగ్గరతనమే పటంలో దాన్ని చెరిపేస్తున్నది. ఈ నియమం రాసిన కుర్రాడికి మాలపల్లె అంటే ఏమిటో తెలియకపోవచ్చు. తెలియనక్కరలేదు కూడా. దూరాన్ని నిర్ణయించినవాళ్ళు కులం పనిని ముందే చేసిపెట్టారు.

తరగతుల సంగతి చూద్దాం. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఎవరైనా దిద్దవచ్చు. అందులో జనావాసాలను సిటీ, టౌన్, విలేజ్, హామ్లెట్ అని వరుసగా పెట్టారు. విలేజ్ కంటే హామ్లెట్ పేరు కింది మెట్లలో గాని బయటపడదు. ఈ మాటలు ఇంగ్లండు పల్లెపట్టు నుంచి వచ్చినవి. అక్కడి పాత వాడుకలో చర్చి ఉంటే విలేజ్, చర్చి లేని చిన్న ఆవాసం హామ్లెట్. మన దగ్గరికి వచ్చేసరికి ఈ మాట ఎంత చేదుగా మారిందో చూడండి. గుళ్ళోకి రానివ్వని మనుషుల చోటుకు, గుడి లేని చోటుకు పెట్టే పేరు తగిలిస్తున్నాం. రెండువేల మంది ఉన్న వాడను 'హామ్లెట్' అని గుర్తు పెట్టి, ఎనిమిది వందల మంది ఉన్న ఊరిని 'విలేజ్' అని గుర్తు పెట్టడానికి అడ్డేమీ లేదు. రెండోది రెవెన్యూ రికార్డులో గ్రామం, మొదటిది కాదు. అంతే తేడా.

ఎన్ని, ఏవి

స్కేలు తగ్గేటప్పుడు ఎన్ని వస్తువులు మిగలాలన్నదానికి పటశాస్త్రంలో ఒక సూత్రం ఉంది. ఫ్రీడ్రిష్ టొప్‌ఫర్, పిల్లెవైజర్ అనే ఇద్దరు 1966లో ఇంగ్లీషులో ప్రకటించిన వ్యాసంతో అది అందరికీ తెలిసింది. రెండు స్కేళ్ళ నిష్పత్తికి వర్గమూలం తీస్తే ఎన్ని మిగలాలో వస్తుంది. 50 వేల స్కేలు పటంలో వంద జనావాసాలుంటే రెండున్నర లక్షల స్కేలులో సుమారు 45 ఉండాలి. పది లక్షల స్కేలులో 22. లెక్క బాగుంది. అయితే ఆ 45 ఏవి? ఆ సంగతి సూత్రం చెప్పదు. చెప్పవలసింది పటం గీసేవాడు. మొదట చెప్పిన లెక్కా పెత్తనమూ విడిపోయే చోటు సరిగ్గా ఇదే.

'ఖాళీ లేదు, ఏం చేస్తాం' అనే మాటకు జవాబు కూడా పటశాస్త్రంలోనే ఉంది. రెండున్నర లక్షల స్కేలు పటంలో రోడ్డు గీత మందం అర మిల్లీమీటరు దాటుతుంది. దాన్ని నేల మీదికి తెచ్చి కొలిస్తే 125 మీటర్ల పైన వెడల్పున్న రోడ్డు! అటువంటి రోడ్డు ఎక్కడా లేదు. కనిపించాలి కాబట్టి లావు చేసి గీస్తారు. రోడ్డూ రైలు కట్టా పక్కపక్కన పోతుంటే ఒకదానిమీద ఒకటి పడకుండా రెంటినీ కాస్త ఎడంగా జరిపి గీస్తారు. ఇది తప్పు కాదు, అంగీకరించిన పద్ధతి. కావాలనుకున్నదాని కోసం పటం సర్దుకుంటుంది. రైలు కట్ట కోసం జరిగిన గీత వాడ కోసం జరగలేదు. అంతకంటే రుజువు ఏం కావాలి?

చుక్కను నమ్ముకున్న పథకాలు

పటంలో పేరు లేకపోతే నష్టమేమిటి, మనిషి ఉన్నాడు గదా అని అనుకోవచ్చు. జనాభా లెక్కలు చూడండి. 2011 సెన్సస్ దేశంలో 6,40,867 గ్రామాలని లెక్క తేల్చింది. ఇవి రెవెన్యూ గ్రామాలు. తాగునీటి శాఖ లెక్కలో గ్రామీణ ఆవాసాలు 16 లక్షల పైచిలుకు. ఒకే దేశం, ఒకే జనం, మధ్యలో పది లక్షల ఆవాసాల తేడా. ఆ పది లక్షలన్నీ దళితవాడలని నేననడం లేదు. తండాలున్నాయి, గూడేలున్నాయి, చేలలో వెలిసిన శివారు పల్లెలున్నాయి. కానీ ఊరి పేరు కింద అణిగిపోయిన ఆవాసాల్లో మనవి లేని జిల్లా ఉండదు. సెన్సస్ గ్రామ దర్శినిలో కుళాయి నీళ్ళు, బడి, ఆరోగ్య కేంద్రం ఉన్నాయా అన్న గడికి ఊరు మొత్తానికి ఒకటే జవాబు. కుళాయి ఏ వీధిలో ఆగిపోయిందో ఆ గడి చెప్పదు. షెడ్యూల్డు కులాల జనాభా ఎంతో మాత్రం చెబుతుంది. మనుషుల్ని లెక్కపెట్టి చోటును వదిలేసింది.

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రెవెన్యూ గ్రామాన్ని వదిలి ఆవాసాన్ని కొలతగా తీసుకుంది. ఇది మెచ్చుకోవలసిన మార్పు. మైదానంలో 500 జనాభా, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 ఉన్న ఆవాసాలకు రోడ్డు వేయాలన్నారు. కానీ మైదానంలో ఏది రోడ్డు లేని ఆవాసం? అన్ని కాలాల్లో నడిచే రోడ్డుకు గాని, రోడ్డున్న ఆవాసానికి గాని కనీసం 500 మీటర్ల దూరంలో ఉన్నది. ఆ లోపున ఉంటే రోడ్డున్నట్టే లెక్క. మళ్ళీ అదే అర కిలోమీటరు! ఊరికి తారు రోడ్డు వచ్చిందంటే కేక దూరంలో ఉన్న వాడకు కూడా వచ్చినట్టే కాగితం మీద. ఆ నాలుగు వందల మీటర్ల బురదలో వానాకాలం పురిటి మనిషిని మంచం మీద మోసుకొచ్చేవాళ్ళకు మాత్రం ఆ లెక్క అర్థం కాదు. ఈ నిబంధన రాసినవాళ్ళు దళితుల మీద కక్షతో రాశారని అనను. 500 మీటర్లు నడిస్తే ఏమవుతుందిలే అనుకుని ఉంటారు. ఆ 500 మీటర్లు ఎవరు ఎవరికి విధించిన దూరమో తెలియకుండా రాశారు. తెలియకపోవడానికి కారణం వాళ్ళ ముందున్న పటం.

హింస సంగతీ అంతే. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మొదలైంది మాదిగపల్లె తాగే చెరువు నీళ్ళ దగ్గర. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని తరిమి తరిమి చంపారు. ఈ రెండు ఊళ్ళ పేర్లూ దేశమంతటా తెలిశాయి. పటంలో ఆ పేర్ల దగ్గర ఒక్కో చుక్క ఉంది. చంపినవాడి ఇల్లూ చచ్చినవాడి ఇల్లూ ఆ ఒక్క చుక్కలోనే ఉన్నాయి. ఊరు పల్లె మీదికి నడిచివచ్చిన దారి ఆ చుక్కలో ఉండదు. 'ఊళ్ళో గొడవ' అన్న వార్త ఆ చుక్కలోంచి పుడుతుంది. గొడవ ఊళ్ళో కాదు, ఊరు పల్లె మీద చేసిన దాడి అని చెప్పడానికి దళిత ఉద్యమం వీధుల్లోకి రావాల్సొచ్చింది.

మెట్టు దిగి చూసినవాళ్ళు

మెట్టు దిగి చూడటం వల్ల గెలిచిన పోరాటాలు వేరేచోట్ల ఉన్నాయి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో జేన్స్‌విల్ ఊరి అంచున కోల్‌రన్ అనే నల్లవాళ్ళ పేట ఉంది. చుట్టుపక్కల తెల్లవాళ్ళ ఇళ్ళకు నీటి గొట్టాలు వెళ్ళాయి గాని వీళ్ళకు దశాబ్దాల తరబడి రాలేదు. వానాకాలంలో కప్పు నీళ్ళు పట్టుకుని, తక్కిన రోజుల్లో బండ్ల మీద తెచ్చుకుని బతికారు. ఊరు మొత్తం పటం చూస్తే నీటి సరఫరా బాగానే ఉంది. కోర్టులో వాళ్ళ తరఫువాళ్ళు ఇల్లిల్లూ చూపించే పటాలు పెట్టారు. ఏ ఇల్లు ఎవరిది, గొట్టం ఎక్కడ ఆగింది అన్నవి ఒకదానిమీద ఒకటి పరిచి చూపించారు. 2008లో జ్యూరీ దాదాపు 1 కోటి 10 లక్షల డాలర్ల పరిహారం తీర్పిచ్చింది.

కెన్యా రాజధాని నైరోబీలో కిబేరా పెద్ద మురికివాడ. లక్షలాది మంది ఉన్న ఆ చోటు పటాల్లో ఖాళీగా ఉండేది. 2009లో అక్కడి యువతీయువకులు చేతిలో జీపీఎస్ యంత్రాలు పట్టుకుని సందుసందూ తిరిగి, నీళ్ళ కుళాయిలు, మరుగుదొడ్లు, బళ్ళు, ఆసుపత్రులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించారు. ఎవరి చోటును వాళ్ళే గీసుకున్నారు. ఈ రెండు ఉదాహరణల్లోనూ కొత్త యంత్రం కంటే ముఖ్యమైంది ఒకటుంది. ఏ మెట్టు మీద నిలబడి చూడాలో బాధితులే నిర్ణయించారు.

మన దగ్గర కూడా ఇళ్ళ జాగాలు కొలిచే పని మొదలైంది. 2020 ఏప్రిల్ 24న ప్రకటించిన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో గ్రామకంఠాలను ఫొటోలు తీసి ఇంటి కార్డులు ఇవ్వడం మొదలుపెట్టారు. నూటయాభై ఏళ్ళు తెల్లగా వదిలేసిన జాగా నిండబోతున్నది. అది మనకు పట్టా అవుతుందా, లేక పోరంబోకులో గుడిసె వేశావని చూపించే సాక్ష్యమవుతుందా? పైనుంచి తీసిన ఫొటోలో ఇంటి కప్పు కనపడుతుంది. ఆ కప్పు కింద మూడు తరాలుగా ఎవరున్నారన్నది కనపడదు. అది చెప్పడానికి కొలతలప్పుడు వాడ మనుషులు ఎదురుగా నిలబడి ఉండాలి. ఊరి పెద్దను అడిగి రాసుకుపోయే సర్వే మెకంజీ కాలంలోనే అయిపోయింది, ఇంకోసారి వద్దు.

ఏ పేరుతో, ఎవరి చేత

వాడను పటంలో చూపించమని అడగడంలో చిక్కు కూడా ఉంది, దాచిపెట్టడం మంచిది కాదు. పేరు కనిపిస్తే దాడికి వచ్చేవాడికి కూడా దారి తెలుస్తుంది అని మనవాళ్ళలోనే కొందరి భయం. దానికి నా జవాబు ఒకటే. దాడికి వచ్చేవాడికి పటం ఎప్పుడూ అవసరం లేదు, వాడు కళ్ళు మూసుకుని రాగలడు. పటం అవసరమైంది నీళ్ళ ట్యాంకరుకు, అంబులెన్సుకు, తుఫాను సహాయానికి, వాస్తవం తెలుసుకోవడానికి వచ్చే బయటి మనిషికి.

రెండో చిక్కు పేరుది. మాలపల్లె, మాదిగవాడ, హరిజనవాడ, ఎస్.సి. కాలనీ... ఈ పేర్లలో దేన్ని ఎక్కించాలి? ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో తన నవలకు 'మాలపల్లి' అని పేరు పెట్టినప్పుడు అది ఒక సాహసం. అదే మాట రెవెన్యూ గుమాస్తా పటం మీద రాస్తే ముద్ర. 2020 డిసెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వం బస్తీలకున్న కులం పేర్లు తీసేసి సమతా నగర్, భీమ్ నగర్ వంటి పేర్లు పెట్టాలని నిర్ణయించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి 'కాలనీ' అన్న మాటను ప్రభుత్వ రికార్డుల నుంచి తొలగిస్తామని శాసనసభలో ప్రకటించారు. మంచిదే. అయితే పేరు మార్చి మెట్టు మార్చకపోతే ఏం లాభం? భీమ్ నగర్ కూడా 16వ మెట్టు దాకా దిగితే గాని కనపడకపోతే అది పేరు మార్చుకున్న వెలివాడే. కొన్ని వాడలు అంబేడ్కర్ నగర్ అనుకుంటాయి, కొన్ని అరుంధతి నగర్ అనుకుంటాయి, కొన్ని తాతలనాటి పేరునే తలెత్తి చెప్పుకుంటాయి. ఆ నిర్ణయం అక్కడ ఉండేవాళ్ళది. వద్దనుకుంటే వద్దనే హక్కు కూడా వాళ్ళదే.

అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. ఆవాసానికి తరగతి కట్టేటప్పుడు రెవెన్యూ రికార్డును కాక, అక్కడున్న జనాన్ని చూడాలి. ఊరి పేరు ఏ మెట్టు మీద బయటపడితే వాడ గుర్తు కూడా ఆ మెట్టు మీదే బయటపడాలి. పేరుకు చోటు చాలకపోతే రైలు కట్టకు జరిపినట్టే కాస్త పక్కకు జరిపి రాయాలి. రోడ్డూ నీళ్ళూ ఉన్నాయా లేవా అన్న గడి వాడకు విడిగా ఉండాలి. ఈ పనిలో కొంత ప్రభుత్వానిది, కొంత పటాలు నడిపేవాళ్ళది. ఎవరైనా దిద్దగల పటాల విషయంలో మాత్రం కొంత మనదే. చదువుకుని పట్నాలకు వచ్చిన మన పిల్లలు సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఫోను పట్టుకుని వాడ చుట్టూ ఒకసారి నడిస్తే చాలు. గొలుసులు మోసినవాళ్ళ మనవలకు అది బరువేమీ కాదు.

అట్లా ఎక్కించినంతమాత్రాన ఊరికీ వాడకూ మధ్య అర కిలోమీటరు తగ్గదు. దాన్ని తగ్గించే పని పటానిది కాదు, పోరాటానిది. కాకపోతే లేనట్టు చూపించిన దూరాన్ని ఎవరూ దాటాలని అనుకోరు. కేక దూరం ఎంతో ముందు అందరికీ కనపడనియ్యండి. ఈసారి కేక ఇటువైపు నుంచి.